ఆఖరున దిగేవాడు

తెనాస్ ఓడని తుక్కుకి అమ్మేస్తున్నారన్న కబురు గుమ్మడికాయ అప్పాల్లాంటి సోపైపియాలు వేయిస్తుండగా తెలిసింది ఎడెల్మీరాకి. చేతిలో చిల్లుల గరిటె అలాగే ఆగిపోయింది.

"నిజమేనా ఒయార్సే?"

"నిజమే అమ్మమ్మా. శుక్రవారం జెండా దించేస్తున్నారు. అయ్యో, మాడిపోతున్నాయి చూసుకో!" అన్నాడు ఒయార్సే. ఆ ఓడ మీద సరంగు అతను. నావికులందరికీ ఆమె అమ్మమ్మే.

పుయెర్తో అమార్గో రేవులో తెనాస్ అంత మొండి ఓడ ఇంకోటి లేదు. తీరానికి కాపలాగా కట్టిన యుద్ధనౌక. ఫిరంగులు పీకేశాక దీపస్తంభాలకి సరుకులు మోసింది. ఇంజను మార్చాక సముద్రం లోతులు కొలిచింది. భూకంపం వచ్చినప్పుడు దీవుల జనాన్ని ఒడ్డుకి చేర్చింది. దాని ఈడు ఓడలన్నీ కరిగి ఎప్పుడో మేకులైపోయాయి. ఇక దీని పని అయిపోయిందని ప్రతిసారీ అనేవాళ్ళు. ప్రతిసారీ రంగు పూసి మళ్ళీ పంపేవాళ్ళు.

అది రేవుకొచ్చినప్పుడల్లా నిచ్చెన దగ్గర సోపైపియాల బుట్టతో ఎడెల్మీరా నిలబడి ఉండేది. దిగేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసేది. "అందరూ దిగారా నాయనా?" అని అడిగేది. ఇంట్లోవాళ్ళు కూడా ఇంత ఆత్రంగా అడగరని నావికులు మురిసిపోయేవారు.

బుట్ట అడుగున ఒక్క సోపైపియా మాత్రం ఎవరికీ అమ్మేది కాదు. ఎంత బతిమాలినా ఇచ్చేది కాదు. రాత్రికి ఇంట్లో ఒక్కతే కూర్చుని, చల్లారి గట్టిపడిన దాన్ని టీలో ముంచుకుని తినేది. గోడకవతల కుక్క మొరిగినా ఎవరో వచ్చారేమోనని తలుపు వైపు చూసేది.

"మొగుడు ఈ ఓడలోనే పనిచేసి పోయుంటాడ్రా" అని కుర్రాళ్ళు గుసగుసలాడుకునేవారు. ఆమె వినీ విననట్టు బుట్ట సర్దుకునేది.

ఒకసారి జ్వరంతో మంచాన పడితే ఒయార్సే చూడ్డానికి వెళ్ళాడు.

"నాకొకటే భయం. అది ఉండగా నేను పోకూడదు" అంది.

"కట్టుకున్నవాడి మీద కూడా ఎవరికీ ఇంత ప్రేమ ఉండదు అమ్మమ్మా!" అని నవ్వాడతను. ఆమె నవ్వలేదు.

శుక్రవారం తెల్లారేసరికి ముసురు పట్టింది. ఓడ పని అయిపోయినప్పుడు జెండాని ఓడ తల్లికి అప్పగించడం అక్కడి ఆచారం. ఓడ తల్లంటే, మొదటిసారి నీళ్ళలోకి దింపిన రోజున దానిమీద సీసా పగలగొట్టిన ఆవిడ. తెనాస్ తల్లి పోయి చాలా కాలమైంది. "మన అమ్మమ్మ లేదూ?" అన్నారు నావికులంతా ఒక్క గొంతుతో. కెప్టెన్ సరేనన్నాడు.

ఎడెల్మీరా తల నున్నగా దువ్వుకుని, నల్ల శాలువా కప్పుకుని వచ్చింది. బుట్ట తడవకుండా శాలువా కింద పొదువుకుంది.

"పెళ్ళికొచ్చినట్టు తయారయ్యావే!" అని ఓడ మీద నుంచే ఆటపట్టించాడు ఒయార్సే.

ఆమె కళ్ళు నిచ్చెన మీదే ఉన్నాయి. వంటవాడు దిగాడు. ఇంజనువాళ్ళు దిగారు. ఒయార్సే దిగాడు. ఒక్కొక్క మొహం చూసి మళ్ళీ పైకి చూసింది. నిచ్చెన ఖాళీ అయింది. చివరికి కెప్టెన్ దిగొచ్చి, మడిచిన జెండా ఆమె చేతుల్లో పెట్టి సెల్యూట్ చేశాడు. అప్పటికే ఆమె చెంపలు తడిసిపోయాయి.

"బాధపడకండి అమ్మమ్మా. అందరికంటే ఆఖరున దిగాల్సింది నేనే. దిగేశాను. ఇక లోపల ఎవరూ లేరు" అన్నాడు మెల్లగా.

ఆమె అతని భుజం మీదుగా నిచ్చెన వైపు చూసింది.

"అదేంటి బాబూ, సైన్యం గద్దెనెక్కిన ఏడాది చేతులు వెనక్కి విరిచికట్టి మీవాళ్ళు పైకెక్కించిన నా కొడుకు నిబాల్దో ఇంకా దిగలేదుగా!"