మడత మింగిన కుక్క

నా బొమ్మల పుస్తకం తొలి ప్రతి చేతికొచ్చింది. ఆత్రంగా తెరిచి, కుక్క బొమ్మ దగ్గర ఆగిపోయాను.

బెత్తెడు కాళ్లు, బారెడు ఒళ్లు ఉన్న డాష్‌హండ్ కుక్క కథ అది. వీధంతా నవ్వినా, చివరికి తన పొడుగు చూసుకుని మురిసిపోతుంది. దాన్ని ఎదురెదురు పేజీలు రెండూ నిండేలా సాగదీసి గీశాను. మధ్యలో కుట్టు పడే మడతకి చోటు వదలడం మాత్రం మరిచాను. కుక్క నడుమంతా మడతలోకి పోయింది. పైకి కనబడేది ఏ వీధిలోనైనా తిరిగే మామూలు కుక్క!

ప్రచురణకర్తకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగి, మళ్లీ చేశాను.

"అమ్మా, కాసేపు కూర్చో," అంది మా అమ్మాయి. నేల మీద బోర్లా పడుకుని ఆ పుస్తకమే చూస్తోంది.

"ఎలా కూర్చోనే? నా కుక్క నాశనమైపోయింది!"

"ఏం కాలేదు. ఇప్పుడే బాగుంది." బొమ్మని నిమిరింది. "ఇంక దాన్ని చూసి ఎవరూ నవ్వరు."

ఫోన్ కలిసింది. "చెప్పండి మేడమ్," అన్నాడాయన.

ఫోన్ చెవి దగ్గర్నుంచి దించి అమ్మాయి వైపు చూశాను.

అమ్మాయి లేచి నిలబడింది. తరగతిలో అందరికన్నా తలంత పొడుగు. ఈమధ్య అలవాటైనట్టే భుజాలు ముడుచుకుని, మెడ వంచి నిలబడింది. ఆ కథ తనకోసమే రాశానని తనకి చెప్పలేదు.

పుస్తకం మడతలో వేలు పెట్టి అడిగింది:

"నన్ను కూడా ఇలా కొంచెం లోపలికి మడవగలవా, అమ్మా?"