మొటిమల మొక్కు

పొద్దున్నే మంగ మొగుడి గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వెలుగులోకి తిప్పింది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు నుదురు, ముక్కు, చెంపలు వెతికింది.

"ఒక్కటన్న లేదు," అంది ఏడుపు గొంతుతో.

"నలభై ఏండ్లకు మొటిమలెక్కడివే? కాలేజీ పోరగాన్నా నేను?" నవ్వాడు సంపత్.

నవ్వే సంగతి కాదు. ఊరొదిలి వలసొచ్చి సచిన్ అనే మిల్లుల పట్నంలో మరమగ్గాలు నడిపే సంపత్‌కు పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ. కోసి తీసినా కాలేయానికి పాకింది. కొత్త మందు ఎక్కించిన డాక్టరమ్మ విడమరిచి చెప్పింది: "గడ్డకు చెవులుంటాయి. ఒంట్లో పుట్టే 'ఎదుగు' అన్న కబురు వాటితోనే వింటుంది. ఈ మందు ఆ చెవులు మూస్తుంది. చర్మానికీ అలాంటి చెవులే. అందుకే చర్మం మీద, ఎక్కువగా ముఖాన, మొటిమల్లాంటివి పొక్కితే మందు పట్టిందనడానికి మంచి గుర్తు."

అప్పటినుంచి మంగకు మొగుడి ముఖమే పంచాంగం. అదేమో రోజురోజుకూ నున్నబడుతోంది. పలకరించ వచ్చిన తోటి మగ్గాల పనివాడు లింగమూర్తి ఊరుకున్నాడా?

"ఏం క్రీం రాస్తున్నవన్నా? పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నవ్! మగ్గాలకాడ దూది మింగి మేం గిట్లైతిమి."

మంగకు అతని నెత్తిన గిన్నె బోర్లించాలనిపించింది.

ఇంట్లో అత్త కొమురవ్వతో మరో తంటా. క్యాన్సరంటే తట్టుకోలేదని ఆమెకు కడుపులో పుండని చెప్పారు. ఊరినుంచి దిగిన ముసలమ్మ వంటిల్లు, కొడుకు రెండూ స్వాధీనం చేసుకుంది. మంగ చీరలకు రాళ్లంటించే పనికి వెళ్లగానే కొడుక్కి తానే నీళ్లు పోసేది. వీపు దురదంటే "చెమటకాయలు రా" అని కసిరేది. ఎంత ఉక్కపోసినా చొక్కా విప్పనిచ్చేది కాదు. "గాలి తాకుతది!"

"పోపు లేని పప్పేంది అత్తా?"

"పోపు గీపు పెట్టినవంటే నేనింట్ల ఉండ! పుండున్నోనికి మంట కాదా?"

లింగమూర్తి ప్రేమగా తెచ్చిన ఖమణ్ అనే శనగపిండి ఫలహారం పొట్లాన్ని, పైన ఆవాలు చూసి, గుమ్మం అవతలే ఆపేసింది. సంపత్ నోట్లో ఊరిన నీళ్లు గుటకేశాడు.

"రోగం ఇడిసిపెట్టినా, మా అవ్వ పెరుగన్నం పెట్టే సంపుతది!"

రెండోసారి మందు ఎక్కించే రోజు వచ్చేసింది. ముఖం అద్దంలా ఉంది. అత్త నల్లా దగ్గరికి పోయిందనుకుని మంగ గూట్లో పోచమ్మ పటం ముందు కూలబడి గట్టిగానే మొక్కింది.

"తల్లీ, నా మొగనికి పొక్కులు పొయ్యవే! నిండుగ పొయ్యి! ఊరికొచ్చి నీకు కోడిని కోస్తా!"

వెనక బిందె దభాలున పడింది. కొమురవ్వ తడికాళ్లతో ఉరికొచ్చి కోడలి నోరు మూసింది.

"ఓ పిచ్చిదానా, ఎవలన్న కోరి తెచ్చుకుంటరా? నువ్వు డాక్టరుకు చెప్తే తల్లి కోపం చేస్తదని నీకు దాసిన గని, వాని వీపు నిండ అమ్మవారు పోసి వారమాయె, జర సల్లబడి ఎల్లిపోవే అని నేను మేకపోతునే మొక్కితి గదనే!"