రెండో మేకు

“గోడకి ఇవతల నీ మేకు దిగడానికి వీల్లేదు,” అన్నాడు అన్నయ్య.

తమ్ముడు గోడ పక్కన స్టూలెక్కి నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో జానెడు ఇనప మేకు, ఇంకో చేతిలో దానికి తగిలించిన పొడుగాటి వైరు. మధ్యలో గోడ మనిషెత్తుది. అది కట్టి మూడేళ్ళయింది. కట్టాక అన్నదమ్ములు మాట్లాడుకోవడం ఇదే మొదలు.

“పది నిమిషాలు అన్నయ్యా. కొలుచుకుని పీకేస్తాను.”

“ఏం కొలుస్తావు? మా పెరడా?”

“మా ఎర్త్.”

విషయం ఇది. తమ్ముడు తన షెడ్డులో టెస్లా కాయిల్ ఒకటి కట్టాడు. మనిషంత ఎత్తు రాగి చుట్ట. స్విచ్ వేస్తే గాల్లోకి రెండడుగుల మెరుపులు విసరాలి. రెండేళ్ళ ఆదివారాలన్నీ దానికే పోశాడు. తీరా ఆ స్విచ్ వెయ్యనివ్వడం లేదు భార్య. ఆవిడ కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరు.

“ఇంటి ఎర్త్‌కి కలిపారంటే టీవీ, ఫ్రిజ్, నేను, ముగ్గురం ఒకేసారి పోతాం,” అంది. “దానికి వేరే గొయ్యి తియ్యండి. రీడింగ్ అయిదు ఓముల లోపు వస్తేనే స్విచ్. ఆరొచ్చినా నాకు అది తుక్కే.”

తమ్ముడు గొయ్యి తీసి, అందులో రాగి కడ్డీ పాతాడు. ఎర్త్ కొలిచే మీటరు కూడా ఆఫీసు నుంచి ఆవిడే తెచ్చిచ్చింది. దానికి రెండు మేకులు. గోతికి పది మీటర్ల దూరంలో ఒకటి, అదే వరసలో ఇరవై మీటర్ల దూరంలో రెండోది దిగ్గొట్టాలి. తమ్ముడి పెరడు పన్నెండు మీటర్లకే అయిపోయింది. మిగతా మూడు వైపులా సిమెంటు. నేలన్నది ఉంటే అన్నయ్య వాటాలోనే ఉంది.

“జానెడు మేకండీ. పాతితే మొలుస్తుందా ఏంటి?” అంది వదిన బట్టలు ఆరేస్తూ.

అన్నయ్య మేకు కోసం చెయ్యి చాపాడు. “సరే. కానీ మా నేల మీద వాడి చెయ్యి పడకూడదు. నేనే కొడతాను.”

చెప్పిన చోటే కొట్టాడు, తమ్ముడు స్టూలు మీద నుంచి చూస్తుండగానే. తమ్ముడు దిగి, గోతి దగ్గరికి పరిగెత్తి మీటరు నొక్కాడు.

పద్దెనిమిది.

మర్నాడు గోతిలో బస్తా ఉప్పు పోసి, అన్నయ్యకి మళ్ళీ మేకు అందించాడు. పదహారు.

“ఏరా, పిడుగు పుట్టిందా?” గోడ అవతల నుంచి అడిగాడు అన్నయ్య.

“ఇంకా లేదు.”

“మంత్రసానిని మార్చి చూడు.”

మూడో రోజు బొగ్గులు వేశాడు. పదిహేడు. నాలుగో రోజు ఇరవై బకెట్ల నీళ్ళు. పదహారు. ఆ రోజు గోడ మీదుగా టీ గ్లాసు ఒకటి వచ్చింది. “ప్రేమతో కాదు, నీ మొహం చూడలేక,” అన్నాడు అన్నయ్య. అయిదో రోజు గోడ పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఆరో రోజు “ఉప్పు చాల్లేదురా, చిన్నప్పట్నుంచీ నీ చేత్తో ఏది వేసినా తక్కువే” అని మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి ఇద్దరూ ఎర్త్ తప్ప అన్నీ మాట్లాడుకున్నారు.

తొమ్మిదో రోజు గోతిలో రాగి కడ్డీని ఇంకో మూడడుగులు దిగ్గొట్టాడు తమ్ముడు. అరచేతులు బొబ్బలెక్కాయి. రీడింగ్ పద్నాలుగు.

“ఇంకో వారం చూస్తాను,” అంది భార్య. “ఆ తర్వాత షెడ్డులో నా స్కూటర్ పెట్టుకుంటాను.”

పదో రోజు స్టూలెక్కేసరికి అన్నయ్య కుర్చీ ఖాళీగా ఉంది.

“పన్ను పీకించుకోడానికి వెళ్ళారు,” అంది వదిన. “ఇలా ఇవ్వవయ్యా, నేను కొడతాను.”

తమ్ముడు దిగి మీటరు నొక్కాడు. మూడు. కళ్ళు నులుముకుని మళ్ళీ నొక్కాడు. మూడే.

అరవబోయి ఆగాడు. భార్య డ్యూటీ నుంచి వచ్చే వేళ అవుతోంది. ఈలోపు మేకు కదలకుండా గట్టిగా దిగ్గొట్టి, ఆవిడ వచ్చీ రాగానే మూడు చూపించి స్విచ్ వేయించాలి. ఆ ఊపులో మూడేళ్ళలో మొదటిసారి గోడ దూకాడు.

దూకిన చోట, గోడ మొదట్లో, వరసగా తొమ్మిది బొక్కలున్నాయి. ఒక్కొక్కటీ సరిగ్గా మేకు పట్టేంత. వదిన కొట్టిన మేకు మాత్రం ఎనిమిది మీటర్ల అవతల, ఉండాల్సిన చోట ఉంది.

రెండో మేకుని మొదటి దాని దగ్గరికి జరిపితే మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. జాగ్రత్త అని మొదటి రోజు అన్నయ్యకి ఈ సంగతి చెప్పింది తనే. రోజూ తను స్టూలు దిగి వెళ్ళగానే అన్నయ్య మేకు పీకి, ఇక్కడ పాతాడన్నమాట.

తమ్ముడు అన్నయ్య కుర్చీలోనే కూర్చుని ఎదురుచూశాడు. అన్నయ్య ఉబ్బిన బుగ్గతో, నోట్లో దూదితో వచ్చాడు.

“ఈ బొక్కలేంటి?”

అన్నయ్య వంగి చూశాడు. “చీమలు.”

“చీమలు సుత్తితో కొట్టాయా? ఇవాళ వదిన కొడితే మూడొచ్చింది! నా చేతులు చూడు అన్నయ్యా! తొమ్మిది రోజులు! నీకేం ద్రోహం చేశాను?”

అన్నయ్య నోట్లోంచి దూది తీశాడు.

“మొదటి రోజే మూడొస్తే ఏం చేసేవాడివి?”

“వైరు చుట్టుకుని వెళ్ళిపోయేవాణ్ణి.”

“అదీ,” అన్నాడు అన్నయ్య. దూది మళ్ళీ నోట్లో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

తమ్ముడు మేకు పీకి, గోడ దూకి తన పెరట్లోకి వచ్చేసరికి భార్య హెల్మెట్ తీస్తూ ఎదురొచ్చింది.

“ఇవాళన్నా దిగిందా?”

తమ్ముడు మీటరు ఆపేశాడు.

“పద్నాలుగే. రేపు మళ్ళీ కొలవాలి.”