స్టాకు రాలేదవ్వా

"తొట్టెల వచ్చిందా సేటూ?"

గొంతు గుర్తుపట్టి కూడా నవీన్ తల ఎత్తలేదు. సోఫాల కేటలాగులో ఏదో వెతుకుతున్నట్టు పేజీలు తిప్పాడు.

భూపాలపల్లి మెయిన్ రోడ్డు మీద అతనిది ఫర్నిచర్ షాపు. అద్దాల తలుపులు, ఏసీ, కాలు జారేంత నున్నటి నేల. పోచమ్మ చెప్పులు మెట్ల దగ్గరే విడిచి వచ్చింది. అయినా తెల్లటి నేల మీద ఆమె పాదాల దుమ్ము అచ్చులు వరుసగా పడ్డాయి. నవీన్ ముందు వాటినే చూశాడు.

"రాలేదవ్వా. స్టాకు రాలేదు."

"సోమారం రమ్మంటివి. మల్ల మంగళారం అంటివి. పండుగ రేపే గదా సేటూ."

సేటు అన్నప్పుడల్లా అతనికి లోపలెక్కడో ముల్లు దిగుతోంది.

ఉయ్యాల ఎప్పుడో వచ్చింది. టేకు చెక్కది, నాలుగు మూలలా చిలుకలున్నది. వెనక గోదాంలో అట్టపెట్టెల మధ్య నిలబెట్టి ఉంది. దాని మీద పాత పరదా కప్పింది నవీనే.

గుమాస్తా ఎల్లేశ్ దగ్గరికొచ్చి గుసగుసలాడాడు.

"అన్నా, గోదాంల ఉన్నది గదా. ముసలామెను ఉత్తగ ఎందుకు తిప్పుతున్నవ్?"

"అది వేరేటోళ్లకు బుక్కయింది. నీ పని చూస్కో."

"పైసలు మొత్తం ముందుగాల కట్టింది ఈమెనే గదన్నా. రసీదు నేనే రాసిచ్చిన."

"చెప్తే సమజ్ కాదా నీకు?"

ఎల్లేశ్ మూతి ముడుచుకున్నాడు. 'చెల్పూర్ కాంట్రాక్టరెవడో ఎక్కువ ఇస్తనన్నడు గావచ్చు' అని గొణుక్కుంటూ పోయి, తుడిచిన బీరువానే మళ్లీ తుడవసాగాడు. ఆ గొణుగుడు నవీన్‌కు వినిపించింది. కాదనలేదు. అట్లా అనుకోవడమే నయమనిపించింది.

"కూసో అవ్వా," అన్నాడు సోఫా చూపిస్తూ.

"మాసిపోతది," అని పోచమ్మ దాని పక్కన నేల మీద చతికిలబడింది.

డైనింగ్ టేబులు బేరమాడుతున్న పద్మలత ఇటు తిరిగింది. ఆమె జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతుంది. పాఠమైనా బేరమైనా గొంతు ఒకటే.

"ఏందవ్వా, పైసలు కట్టినంక గిట్ల తిప్పుతున్నరా నిన్ను?"

"పత్తి ఏరిన పైసలు బిడ్డా. రేపు మనుమరాలిని తొట్టెల్ల ఏస్తరట. ఫంక్షన్ హాలట."

"అట ఏందవ్వా? నీ కొడుకు చెప్పలేదా?"

"పనులల్ల పడి మర్చిపోయిండేమో. మా ఊరోళ్లు చెప్పిండ్రు." పోచమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "పెద్ద పెద్దోళ్లు వస్తరట బిడ్డా. నా అసొంటిది ఒట్టి చేతులతోని పోతే బువ్వ కాడనే ఆపుతరు. అదే తొట్టెల పట్టుకపోతే, గీ ముసల్ది తెచ్చిందని జర ముందట నిలబెడతరు. పిల్లను ఒక్కసారి ఎత్తుకోనిస్తరు."

నవీన్ కేటలాగు టప్పున మూసేశాడు.

"పైసలు వాపస్ ఇస్తనవ్వా," అన్నాడు నవీన్ గబగబా. "తీస్కొని ఇంటికి పో. మొగుళ్లపల్లి బస్సు ఇప్పుడే దొరుకుతది."

"వేరే షాపుల చూద్దామా అవ్వా? నేను తోలుకపోత," అంది పద్మలత.

"వద్దు బిడ్డా. కొంటే ఈ షాపులనే కొనాలె. ఇంకోదాంట్ల కొనబుద్ధి కాదు."

పద్మలత పర్సు టేబులు మీద పెట్టింది. అంటే పాఠం మొదలైందన్న మాట.

"చూడు తమ్మీ. పైసలు తీస్కొని సామాను ఇయ్యకుంటే తప్పు నీది. సామానే కావాల్నా, పైసలు వాపస్ కావాల్నా అన్నది కొన్నోళ్ల ఇష్టం, అమ్మినోళ్లది కాదు. ఇన్ని రోజులు తిప్పినందుకు పరిహారం సుత అడగొచ్చు. వినియోగదారుల కమిషన్ల కాయితం పెడితే నీ అద్దాల షాపు పరువు బజార్ల పడ్తది. నేనే రాస్త. అవ్వా, నువ్వు వేలిముద్ర ఏస్తే చాలు."

"కేసా! వద్దు బిడ్డా!" పోచమ్మ ఒక్క ఉదుటున లేచింది. "ఆయన్నేమనకు. పిల్లగాడు మంచోడే. స్టాకు రాకుంటే ఏంజేస్తడు?"

తిట్టినా నవీన్‌కు ఇంత తగిలేది కాదు. గోదాం తాళంచెవి గుప్పిట్లోనే ఉంది. పది అడుగులు వేసి తలుపు తీస్తే అయిపోతుంది. ఎల్లేశ్ అటే చూస్తున్నాడు. నవీన్ గుప్పిట ఇంకా బిగుసుకుంది.

"గింత మెత్తగుంటే ఎట్ల బతుకుతవవ్వా," అంది పద్మలత. "నీకు చాతగాకుంటే నీ కొడుకునన్నా పిలువు. వచ్చి అడుగుతడు."

"వాడు పనిల ఉంటడు బిడ్డా. పరేషాన్ చెయ్యకు."

"తల్లి పైసలు మునుగుతుంటే వాడు పరేషాన్ కావద్దా? తే, ఫోను తే ఇటు."

పోచమ్మ నడుముకు చెక్కుకున్న చిన్న ఫోను పద్మలత చేతిలోకి వచ్చింది. మీటలు నొక్కింది. ఉన్న పేర్లే రెండు మూడు.

"గిదిగో, కొడుకు అని ఉన్నది."

"నీ కాళ్లు మొక్కుత బిడ్డా, చెయ్యకు!"

"మేడం, వద్దు..." అన్నాడు నవీన్.

పద్మలత అప్పటికే నొక్కేసింది.

నవీన్ చొక్కా జేబులో ఫోన్ మోగింది.