పొగ తగలని విత్తనం

గాలిగానుగలు తిరిగిన మొదటి రోజున కాకులు వెనక్కి ఎగిరాయని ఓబులయ్య ఇప్పటికీ చెబుతుంటాడు. గాలిలోని పొగను పీల్చి చమురు పిండే ఆ గానుగలకు ఊరి పొలాలన్నీ పోయాయి. ఎండలు తగ్గాక నేల తిరిగిస్తామన్నారు. కొత్త పొగ పుట్టకూడదని అప్పటినుంచి ఊళ్లో పొయ్యి రాజేయకూడదు, చుట్ట ముట్టించకూడదు.

ఐదేళ్లకు ఎండ ఒక్క పిసరు తగ్గింది. ఏరువాక నాడు గానుగ ఆఫీసరమ్మ వచ్చింది.

"తాతా, నీ ఎకరం నీకిస్తాం. ఇయ్యాల విత్తనం చల్లితేనే. లేదంటే అక్కడ ఇంకో గానుగ లేస్తుంది."

కొట్లలో విత్తనాలు అమ్మడం ఎప్పుడో మానేశారు. అయినా ఓబులయ్య నవ్వాడు. "మా ఆడమనిషి నన్నన్నా మరుస్తుంది గానీ విత్తనాన్ని మరవదు తల్లీ."

భార్య నాగులమ్మ జొన్నకంకుల కట్టను ఆరిన పొయ్యి పైన, అత్త కట్టినచోటే వేలాడదీసి ఉంచింది. ఆయన దించి తట్టాడు. పిండి రాలింది. పిండిలో పురుగులు కదిలాయి.

"అత్త చెప్పిన చోటే కట్టాను గదయ్యా."

"చోటుదేం తప్పు లేదే. పురుగును ఆపింది చోటు కాదు, పొయ్యి పొగ."

ఆఫీసరమ్మ కాగితం పట్టుకుని వాకిట్లో నిలబడే ఉంది. ఓబులయ్య ఆ పిండినే ఒడిలో పోసుకుని చేలోకి నడిచి, తూర్పుకు దండం పెట్టి, గుప్పెడు తీసి చల్లాడు.

అది నేలను తాకలేదు. వెనక్కి తిరిగి, తెల్లగా పక్క చేలోని గానుగ నోట్లోకి పోయింది.