శైలజ పేరు మీద నీళ్లు

"ఇంకో చెంబు తాగమ్మా, ఎండకు పడిపోతావు," అంటూ నంజుండప్ప మళ్లీ కుండలో చెంబు ముంచాడు.

"ఇంక తాపొద్దు మామా!" అని అడ్డం వచ్చింది మాధవీలత. ఆమె నర్సు. పెనుకొండ మైదానంలో పోలీసు సెలక్షన్లకు పరుగు ప్రాక్టీసు చేస్తున్న చెల్లెల్ని చూడ్డానికి వచ్చింది.

ఆ చెల్లెలు నీలావతి చలివేంద్రం పందిరి కింద తల పట్టుకుని కూర్చుని ఉంది. అప్పటికే రెండుసార్లు వాంతి చేసుకుంది. వేలికి బిగిసిపోయిన ఉంగరాన్ని ఊరికే లాక్కుంటోంది.

"నీళ్లు వద్దంటావేమ్మా? మా బిడ్డ శైలజ ఈడనే పరిగెత్తి వడదెబ్బకు పోయింది. తల నొస్తాండాదంటే బిందెడు నీళ్లు తాపినా. అయినా దక్కలా. దాని పేరు మీదనే ఈ పందిరి ఏసినా."

మాధవీలత అంబులెన్స్‌కు ఫోన్ చేసి, చెల్లెలి నుదురు తాకి చూసింది.

"ఒళ్లు కాలడంల్యా మామా, ఇది వడదెబ్బ కాదు. దప్పిక లేకున్నా ప్రతి చుట్టుకూ తాపినారు. నీళ్లు ఎక్కువైతే ఒంట్లో ఉప్పు పల్చబడి మెదడు వాస్తుంది. చేతులు ఎట్ల ఉబ్బినాయో చూడండి."

నంజుండప్ప ఆ ఉంగరం వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఆ పొద్దు శైలజ కూడా ఇట్లనే ఉంగరం లాక్కుంటా కూర్చునింది," అన్నాడు చివరికి. "ఎంతకీ రాలేదు. దాంతోనే పూడ్చినాం."

మాధవీలత తలెత్తి చూసింది.

"నీళ్లు పొయ్ మామా," అంటూ ఇంకో పిల్ల పరుగున వచ్చి దోసిలి పట్టింది.

నంజుండప్ప చెంబు ఎత్తాడు. ఎంతసేపటికీ వంచలేకపోయాడు.