కొంగ తెచ్చిన పుల్ల

చెరువు ఎండిపోయి ఒక కొంగ గేదెల మడుగుకు వలస వచ్చింది. దాన్ని రమ్మని ఎవరూ పిలవలేదు. గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. ఒక పుల్ల తెచ్చి మందకు పెద్ద అయిన దున్నపోతు ముందు పెట్టి, ఒడ్డునున్న తుమ్మచెట్టు మీద గూడు కట్టుకోనివ్వమని అడిగింది.

మంద సభ చేరింది.

"అడగకుండా చొరబడింది, పెద్దయ్యా. దీనికి చోటిస్తే రేపు దీని చుట్టాలంతా దిగుతారు," అంది మంద వెంటే తిరిగే గోరింక.

"నిజమే. కట్టు తప్పకూడదు, ఇది వెళ్లిపోవలసిందే," అని దున్నపోతు కొంగ వైపు చెవి వంచింది. "ఈలోగా ఆ పిడుదు కాస్త తియ్యి. రక్తం తాగేస్తోంది."

కొంగ పిడుదును ఏరింది. "అయితే వెళ్లిపోనా, పెద్దయ్యా?"

"రెండో చెవి ఎవరు చూస్తారు?"

"మరి గూడు కట్టుకోనా?"

"అది కుదరదన్నానుగా. రేపు మాట్లాడదాం."

మర్నాడూ సభ జరిగింది, ఆ మర్నాడూ జరిగింది. గోరింక అవే మాటలు అంది. దున్నపోతు అవే చెవులు వంచింది. గుడ్లు మాత్రం ఆగలేదు. కొంగ వాటిని ఒడ్డున బురదలోనే పెట్టింది. మడుగులోకి దిగుతూ మంద వాటిని తొక్కేసింది.

దున్నపోతు నిజంగానే నొచ్చుకుంది.

"అంత చెట్టు ఉండగా నేల మీద పెడతారటమ్మా?" అంటూ చెవి వంచింది.